ఊటీలో నీళ్ళొచ్చిన మధ్యాహ్నం

దయ్యాలు లేవని పోయిన వారం ఒక సభలో చెప్పాను. వచ్చే వారం ఇంకో సభలో చెబుతాను. ఈ రెండు సభల మధ్య కూర్చుని ఇది రాస్తున్నాను. కనుక నా మిత్రులు కంగారు పడనక్కర్లేదు, నా ప్రత్యర్థులు సంబరపడనక్కర్లేదు.

చేతబడి చేస్తానన్నవాడి ఎదుట చాప వేసుకుని కూర్చుని, "నామీదే చేయవయ్యా, సాయంత్రం దాకా ఖాళీగానే ఉన్నాను" అన్నవాణ్ణి నేను. గుత్తి దగ్గర ఒక ఊళ్ళో ఇంటిమీద వాటంతటవే రాళ్ళు పడుతున్నాయంటే వెళ్ళి, రాళ్ళు వేస్తున్న పెద్దమనిషిని చెయ్యి పట్టుకుని ఊరి ముందుకు తెచ్చాను. పూనకాలు చూశాను. వేపమండల దెబ్బలు తిని ఒళ్ళు వాచిన ఆడపిల్లలను చూశాను. దయ్యమనేది ఎక్కడా కనబడలేదు. దయ్యం పేరు చెప్పుకుని బతికేవాళ్ళు, ఆ పేరుతో దెబ్బలు తినేవాళ్ళు మాత్రం అడుగడుగునా కనబడ్డారు.

అయినా ఒక్క సంగతి ఉంది. అది మా ఇంట్లో జరిగింది. ఇంతకాలం రాయకపోవడానికి కారణం భయం కాదు. రాస్తే మా అక్కను జనం ఏం చేస్తారో నాకు తెలుసు.

ఎనభైల మొదట్లో నేను ధర్మవరంలో హైస్కూల్లో సైన్సు చెప్పేవాణ్ణి. మాది మగ్గాల ఇల్లు. మా అక్క పేరు లక్ష్మక్క. పెళ్ళయిన రెండేళ్ళకే భర్త పోతే పుట్టింటికి వచ్చేసింది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గడప పక్కన కూర్చుని రాట్నం మీద పట్టు దారం చుట్టేది. తెల్లచీర, బోడి మెడ, బొంగురు గొంతు. ఆ గొంతుతో ఎంత నవ్వేదో అంత తిట్టేది.

మా వీధి చివర ఒకటే కొళాయి. కరువేళ్ళు కదా, దానికి నీళ్ళు ఏ రోజు, ఏ వేళకు వస్తాయో ఎవరికీ తెలియదు. వచ్చే ముందు కొళాయి గాలి చిమ్ముతూ బుసకొడుతుంది. ఆ బుస అందరికంటే ముందు మా అక్క చెవిన పడేది. వెంటనే ఒక కేక: "నీళ్ళొచ్చినాయి! లేయండి! నీళ్ళొచ్చినాయి!" ఆ కేక వింటే జ్వరంతో పడుకున్నవాడు కూడా లేచి బిందె పట్టుకుని వీధిలోకి వచ్చేవాడు. కళ్ళు ఆ తర్వాత తెరుచుకునేవి. మా వీధి మొత్తం ఆమె గొంతు మీద ఆధారపడి బతికింది. ఆ వీధే పెళ్ళికి పోతూ ఆమె ఎదురైతే వెనక్కి తిరిగి ఇంట్లోకి వెళ్ళి కూర్చునేది.

ఒక వేసవిలో ఊటీకి పోదామనుకున్నాం. నేను, నా భార్య సరోజ, మా పాప వసంత. పాపకు అప్పటికి ఆరేళ్ళు. అక్కను కూడా తీసుకుపోతానన్నాను. అమ్మ దానికి అడ్డు చెప్పలేదు. కారు ఇంటి ముందుకు వచ్చాక మాత్రం నన్ను పక్కకు పిలిచింది.

"పిల్చుకొని పో. కానీ ఎనక కూసోబెట్టు. ముందర వద్దు. లోకముండాది, చూస్తాది."

లోకం చూడాలనే నేను అక్కను ముందు సీట్లో కూర్చోబెట్టాను. వీధిలో అందరూ చూస్తుండగా నేనే తలుపు తెరిచి పట్టుకున్నాను. వితంతువు ఎదురొస్తే కీడు అనేవాళ్ళకు నా జవాబు అది. అక్క కారెక్కుతూ గొణిగింది: "యాడన్నా టైరు పగిలిందంటే నామీదికొస్తాది, చూసుకో."

చిక్కబళ్ళాపురం దాటాక టైరు నిజంగానే పగిలింది. అందరికంటే ఎక్కువ నవ్వింది మా అక్కే. "నా శకునం టైరుతో సరిపెట్టుకునిందప్పా. మనుషుల జోలికి రాలా, సంతోషపడండి."

మా డ్రైవరు బసన్నది గుమ్మఘట్ట. అంబాసిడర్ బాడుగకు తోలేవాడు. జాకీ తిప్పుతూ తలెత్తి అన్నాడు: "నీ శకునం గాదక్కా. ఈ టైరు మా ఓనరు పెండ్లినాటిది. ఆయప్పకిప్పుడు మనవళ్ళు."

అక్కడి నుంచి వాళ్ళిద్దరికీ జత కుదిరింది. మైసూరు దాకా, మైసూరు దాటి అడవి దాకా ఒకరినొకరు ఎగతాళి చేసుకుంటూనే ఉన్నారు. ఆమె గొంతు అతనికి బాగా అలవాటైంది. ఈ మాట ఎందుకు రాస్తున్నానో ముందు ముందు తెలుస్తుంది.

ఊటీలో మేము దిగింది కొండవాలు మీద ఒక పాత లాడ్జి. వరుసగా నాలుగు గదులు, ముందు వరండా, కింద కారు నిలిపే చోటు, పక్కన గేటుకు పోయే దారి. గదుల తలుపులు మందంగా, కిటికీలు అద్దాలతో బిగుతుగా ఉన్నాయి. గోడలో చలిమంట గూడు ఉంది కానీ, దాన్ని ఎప్పుడో చెక్కపలకలతో మూసేశారు.

లాడ్జి వెనక కొళాయి సరిగ్గా కట్టుకోదు. సన్నటి ధార పడుతూనే ఉంటుంది. మా అక్కకు అది చూస్తే ప్రాణం నిలవలేదు. బకెట్ పెట్టింది. నిండింది. ఇంకో బకెట్ పెట్టింది. అదీ నిండింది. చివరికి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి, "ఇన్ని నీళ్ళు అడిగేవాళ్ళు లేక పారిపోతాండాయే. ఈ ఊరోళ్ళకు సిగ్గన్నా లేదే" అంది. వాచ్‌మన్‌కు తమిళం తప్ప రాదు. అయినా ఏదో తిట్టిందని మాత్రం అతనికి అర్థమైంది.

మరునాడు పొద్దున సరస్సు దగ్గర ఉండగా వాన పట్టుకుంది. నలుగురం తడిసి ముద్దయ్యాం. గదికి వచ్చేసరికి పాప పళ్ళు టకటకమంటున్నాయి. మధ్యాహ్నం అన్నాలు తిన్నామనిపించుకుని కాసేపు పడుకోవడానికి సిద్ధమయ్యాం. అప్పుడు అక్క కారు డిక్కీలోంచి గోనెసంచి తెప్పించింది. లోపల మా ఇంటి ఇనుప కుంపటి, బొగ్గులు, వాము పొట్లం ఉన్నాయి. ఊటీ చలి గురించి ఎవరో చెప్పారట. ఎవరికీ చెప్పకుండా మూట కట్టుకుని తెచ్చింది.

మా వైపు బాలింత గదిలో కుంపటి పెట్టడం ఆచారం. తలుపులు మూసి, సందుల్లో గుడ్డలు కుక్కి, బొగ్గుల మీద వాము చల్లుతారు. మా ఇంట్లో ప్రతి కాన్పుకూ ఆ కుంపటి వెలిగించింది మా అక్కే. వసంత పుట్టిన గదిలో కూడా ఆమే పెట్టింది. ఎవరికీ ఏమీ కాలేదు. ఎందుకు కాలేదంటే, మా మట్టి మిద్దె నడినెత్తిన గవాచి ఉంటుంది. వెలుతురు కోసం వదిలిన చిల్లు. తలుపులన్నీ మూసినా మిద్దె ఊపిరి పీలుస్తూనే ఉంటుంది. ఆ సంగతి మాలో ఎవరం ఎప్పుడూ ఆలోచించలేదు. నేను బడిలో చెప్పే సైన్సు కూడా ఆ మిద్దె కిందే పెరిగింది. గవాచి లేని గది దానికి తెలియదు.

అక్క కుంపటిని వరండాలో వెలిగించి, పొగంతా పోయి బొగ్గులు ఎర్రగా కణకణలాడేదాకా కాచుకుంది. తర్వాత లోపలికి తెచ్చింది. తలుపు గడియ పెట్టి, కింద సందులో తడిసిన గోనెసంచి కుక్కింది. మేము ముగ్గురం మంచం ఎక్కాం. గోడవార ఇంకో మంచం ఉంది, పరుపుతో సహా.

"ఆ మంచం మీద పడుకో అక్కా" అన్నాను.

"ఇన్నేండ్లు నేల మీద పడుకున్న ఒళ్ళు ఇది. పరుపు మీద నిద్దర రాదు. నువ్వు పడుకో, ఉపన్యాసం ఇంటికాడ చెబుదువులే."

విధవ పరుపు మీద పడుకోకూడదు. ఆమెకు ఎవరో పందొమ్మిదో ఏట నేర్పిన పాఠం అది. కుంపటి పక్కనే చాప పరుచుకుని పడుకుంది.

గది హాయిగా వెచ్చబడింది. తల కొంచెం బరువెక్కింది. ప్రయాణపు బడలిక అనుకున్నాను. అంతవరకే నాకు తెలుసు.

తర్వాత కేక వినబడింది. "నీళ్ళొచ్చినాయి! లేయండి!" నేను ధర్మవరంలోనే ఉన్నాననుకున్నాను. లేవాలని చూశాను, కాళ్ళు నావి కావు. ఈ నా సాక్ష్యాన్ని నేనే కొట్టేస్తున్నాను. బొగ్గు అరకొరగా మండితే పుట్టే విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. దాన్ని పీల్చిన మెదడు ఏ కేకనైనా పుట్టించుకోగలదు.

సరోజకూ వినబడింది. "సరోజా, లెయ్యి! నీళ్ళొచ్చినాయి! పాపనెత్తుకో!" అని వినబడిందట. గొంతు తలుపు బయటి నుంచి వచ్చిందట. మా ఇంట్లో నీళ్ళకోసం పాపను ఎప్పుడూ లేపేవాళ్ళం కాదు. ఆ ముక్క కొత్తది. కానీ సరోజ అదంతా ఆలోచించే స్థితిలో లేదు. ఇన్నేళ్ళ అలవాటు ఆమెను మంచం మీంచి లేపింది. మూల ఉన్న బకెట్ అందుకుంది, గడియ తీసింది, గోనెను కాలితో తోసింది, వరండాలో రెండడుగులు వేసి బకెట్‌తో సహా కూలిపోయింది. ఈ సాక్ష్యాన్నీ కొట్టేస్తున్నాను. ఆమె పీల్చిందీ అదే వాయువు.

మిగిలింది బసన్న. అతను ఆ గదిలో లేడు. కింద కారులో, అద్దాలు దించుకుని, చెనిక్కాయలు ఒలుచుకుంటూ మంచి గాలి పీలుస్తున్నాడు.

ఆ సాయంత్రం ఆసుపత్రి వరండాలో, సరోజకు ఇంకా స్పృహ రాకముందే, నాకు మాట్లాడే ఓపిక రాగానే అతన్ని అడిగాను. నేను విన్నది అతనికి చెప్పలేదు. నువ్వు పైకి ఎందుకు వచ్చావు, అని మాత్రమే అడిగాను.

"అక్క పిల్చింది సారూ. నీళ్ళొచ్చినాయి, లెయ్యి సరోజా, పాపనెత్తుకో అని అరిచింది. నేను నవ్వుకుంటి. ఏంటికక్కా, ఈడ నీళ్ళకేం కరువు అంటి గూడా. గేటు దావ తట్టు నుంచి వినబడింది. ఎప్పుడు బయటికొచ్చిందబ్బా అనుకుంటి. అంతలో బకెట్టు పడింది."

పరిగెత్తి పైకి వచ్చాడు. సరోజ కాలు జారి పడిందనుకున్నాడు. ఆమె తల ఒళ్ళో పెట్టుకుని, లాడ్జి ఆఫీసుకు పోయి మనుషులను పిలుచుకు రావాలనుకున్నాడు. ఆఫీసు కొండకింద ఉంది. అతను పోయి వచ్చేలోపు ఏమై ఉండేదో నాకు డాక్టరు తర్వాత చెప్పాడు. పెద్దవాళ్ళకంటే పిల్లలు త్వరగా పోతారట.

బసన్న పోలేదు. ఎందుకంటే వెనక నుంచి మళ్ళీ పిలుపు వచ్చింది.

"బసన్నా, పాప లోపలుండాది, అని. అదే గొంతు సారూ. బొంగురు గొంతు. తిరిగి చూస్తి. దావంతా మంచు. ఎవురూ లేరు. లోపలికి పోతి. పాపను తెస్తి. మళ్ళా మీకోసరం పోతి. అప్పుడు చూస్తి, కుంపటికాడ అక్కను. అక్క లోపలుంటే, బయట పిల్చిందెవురు సారూ?"

లోపల గదిలో వసంత వాంతి చేసుకుంటున్న శబ్దం వినబడుతోంది. ఆ రోజు నేను విన్న శబ్దాలన్నింటిలోకీ మంచిది అదే.

అక్క అప్పటికే లేదు. డాక్టరు పెద్దాయన, నిదానస్తుడు. లాడ్జి గదిలోనే ఆమెను చూశాడు. దవడ బిగుసుకుపోయి ఉందని, ప్రాణం పోయి చాలాసేపయిందని చెప్పాడు. మేము స్పృహ తప్పకముందే ఆమె పోయి ఉండవచ్చునన్నాడు. తన అంచనా అదేనని పోలీసులకు కూడా చెప్పాడు.

ఆమెను అక్కడే దహనం చేశాం. తడి కొండ, తడి కట్టెలు. ఎంతసేపటికీ అంటుకోలేదు. నీళ్ళకోసం జీవితమంతా చెవి ఒగ్గి కూర్చున్న మనిషిని, నీళ్ళు కారే కట్టెల మీద పెట్టి, మళ్ళీ మళ్ళీ కిరసనాయిలు పోశాం. బసన్న కట్టెలు సర్దుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఇంటికి వచ్చాక అమ్మ గడప మీద కూర్చుని ఒకే మాట అంది: "నేను చెప్పితి కదరా, ముందర వద్దని." తర్వాత వీధి మొత్తం ఆ మాటే అంది. విధవను ముందు పెట్టుకుని పోయాడు, ఊరికే పోతుందా, అని. పరామర్శకు వచ్చిన ఒక పెద్దమనిషి, ఇంకా నయం, పోవాల్సిన మనిషే పోయింది అన్నాడు. అతన్ని మా ఇంట్లోంచి లేపి పంపాను. ఇప్పటికీ అతనితో మాటల్లేవు.

ఇక్కడ నేను గొంతెత్తి చెప్పదలచుకున్నాను. మా అక్కను చంపింది అపశకునం కాదు. ఊపిరాడని గదిలో బొగ్గు చంపింది. మంచం ఖాళీగా ఉండగా ఆమెను కుంపటి పక్కన నేలమీద పడుకోబెట్టిన ఆచారం చంపింది. శకునం లోకానికి కీడు చేస్తుందని భయపడ్డారు. ఆ భయమే ఆమెకు చేసిన కీడు మాత్రం ఎవరికీ కనబడలేదు. ఆ మాట ఆ వీధిలోనే నిలబడి చెప్పాను. ఒకరిద్దరు తల దించుకున్నారు. మిగిలినవాళ్ళు సరోజ వైపు చూశారు.

సరోజ తను విన్నది ఎవరి దగ్గరా దాచలేదు. దాంతో వరస మారింది. మొన్నటి దాకా అపశకునమైన మనిషి ఇప్పుడు దయ్యమైంది. కొళాయి దగ్గర గొంతు వినబడుతోందని ఒకామె అంది. ఇంకొన్నాళ్ళకు ఎవరో కొళాయి గట్టు మీద పసుపు రాసి దీపం పెట్టారు. దయ్యం దేవత అవుతోందన్నమాట. నేను పోయి దీపం ఆర్పి, పసుపు కడిగేశాను. ఆ రోజు కొళాయి దగ్గర పెద్ద రగడే అయింది.

"బతికినన్నాళ్ళు ఎదురొస్తే ఉమ్మేసినారు. ఇప్పుడు దీపం పెడతారా? ఆమె మనిషి. మనిషి అని ఒప్పుకోండి చాలు" అన్నాను.

"ఏమప్పా సారూ, మనిషి సచ్చినాక పిలుస్తాదా?" అని ఒకాయన అడిగాడు. వెటకారంగా కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగాడు.

ఆ ప్రశ్నతోనే నేను ఇన్నేళ్ళూ కుస్తీ పడుతున్నాను.

డాక్టరు అంచనా తప్పు కావచ్చు. కుంపటి వేడికి శరీరం త్వరగా బిగుసుకోవచ్చునని తర్వాత నేను అడిగిన ఇద్దరు డాక్టర్లు ఒప్పుకున్నారు. అయితే దవడ బిగిసిన మనిషి అంతకు కాసేపటి ముందు అంత పెద్ద కేక వేయగలదా అంటే ఇద్దరూ తల అడ్డంగా ఊపారు. ఇంకో తెలుగు కుటుంబం ఏదైనా ఆ దారిన పోతూ అరిచిందా? ఆ పూట పక్క గదులు ఖాళీ. నీళ్ళు కారిపోయే ఊళ్ళో నీళ్ళొచ్చాయని ఎవరు అరుస్తారు? సరోజే మత్తులో వదిన గొంతుతో అరిచిందా? నా దగ్గరున్న వివరణల్లో ఇదే మంచిది. మంచులో శబ్దం ఏ దిక్కు నుంచి వస్తుందో తెలియదు కనుక బసన్న పొరబడి ఉండవచ్చు. కానీ రెండో పిలుపు వచ్చినప్పుడు సరోజ తల అతని ఒళ్ళోనే ఉంది. ఆమె పెదవులు కదలలేదని అతను చెబుతున్నాడు.

బసన్న అబద్ధమాడుతున్నాడా? అతన్ని ఎన్నోసార్లు వకీలులా తిప్పి తిప్పి అడిగాను. ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. ఒకసారి విసుక్కున్నాడు కూడా: "నేను దయ్యమని యాడన్నా సారూ? అక్క అన్నా. అంతే."

ఈమధ్య కదిరి వైపు ఒక ఊళ్ళో సభ జరిగింది. చివర్లో ఒక కుర్రవాడు లేచి, మీరు వివరించలేనిది ఒక్కటైనా ఎదురైందా అని అడిగాడు. ఉందన్నాను. ఇదంతా చెప్పాను. నాతో వాదానికి వచ్చిన పురాణ పండితుడు చప్పట్లు కొట్టాడు. "ఒప్పుకున్నారు కదా, ఆత్మ ఉందని!"

"ఒప్పుకున్నది నాకు తెలియదని" అన్నాను. "తెలియని చోట మీరు ఆత్మను పెట్టి తాళం వేస్తారు. నేను తలుపు తీసే ఉంచుతాను."

సభలో చప్పట్లు ఈసారి నాకు పడ్డాయి. గట్టి జవాబు చెప్పానన్న తృప్తితోనే ఇంటికి వచ్చాను. సరోజ బియ్యం ఏరుతోంది. కాలేజీ సెలవులకు వచ్చిన వసంత పక్కన కూర్చుని ఏదో చదువుకుంటోంది. సభలో జరిగిందంతా చెప్పాను. నా జవాబు కూడా చెప్పాను. ఆ పిలుపు ఏమిటో తెలిసేదాకా నేను దాన్ని వెతుకుతూనే ఉంటానని కూడా అన్నాను.

సరోజ చేట దించలేదు. నా వైపు చూడలేదు. వసంత వైపు ఒకసారి చూసింది.

"మీకు తెలిసేదాంకా మా వదిన పిలవకుండా ఉండాల్నా?" అంది.